ఆ ఒక్క సంతకం పెట్టని నాయకుడు: చెరోకీల జాన్ రాస్

తెలుగు రాష్ట్రాల బయట ఉంటున్న మనం ఎక్కడ కలిసినా మాటలు కొన్ని విషయాల చుట్టూనే తిరుగుతాయి. బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, సోలాపూర్ అయినా అంతే. జనగణనలో మాతృభాష అని ఏం రాయించాం, బడిలో తెలుగు ఉందా, పిల్లలకు అక్షరాలు వస్తున్నాయా, మన తరఫున మాట్లాడేది ఎవరు. ఇవే ప్రశ్నలను 200 ఏళ్ల క్రితం అమెరికాలో ఒక చిన్న జాతి ఎదుర్కొంది. వాళ్లు చెరోకీలు. వాళ్లు పడిన కష్టంతో మన కష్టాన్ని పోల్చడం న్యాయం కాదు. మనల్ని ఎవరూ తుపాకులు చూపించి ఇళ్లలోంచి తరమలేదు. అయినా వాళ్లను దాదాపు 38 ఏళ్లు నడిపించిన జాన్ రాస్ జీవితంలో మనం తెలుసుకోదగినది చాలా ఉందని మాకు అనిపించింది. ఆయన గెలిచినవాటిలోనే కాదు, ఓడినవాటిలోనూ, చేసిన తప్పుల్లోనూ ఉంది.

తల్లి గోత్రం

జాన్ రాస్ 1790 అక్టోబర్ 3న పుట్టారు. ఊరు టర్కీటౌన్, ఇప్పటి అలబామా రాష్ట్రంలో కూసా నది ఒడ్డున. తండ్రి డేనియల్ రాస్ స్కాట్లండ్ నుంచి వచ్చిన వర్తకుడు. తల్లి మేరీ మెక్‌డొనాల్డ్ వైపు కూడా స్కాట్ రక్తం ఉంది. లెక్క కడితే రాస్‌లో చెరోకీ రక్తం 8 వంతుల్లో ఒక వంతే. నీలి కళ్లతో, పొట్టిగా, చూడ్డానికి తెల్లవాడిలాగే ఉండేవారు.

మరి ఆయన చెరోకీ ఎలా అయ్యారు? మన ఇళ్లలో ఇంటిపేరూ గోత్రమూ తండ్రి నుంచి వస్తాయి. చెరోకీలకు తల్లి నుంచి వస్తాయి. తల్లి చెరోకీ అయితే బిడ్డ చెరోకీయే, తండ్రి ఎవరన్నది లెక్కలోకి రాదు. రాస్ తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అందరూ పక్షి గోత్రం వారు. కాబట్టి రాస్ కూడా పక్షి గోత్రం వాడే. పెద్దయ్యాక ఆయనకు పెట్టిన చెరోకీ పేరు కూవెస్కూవె. అది ఒక పెద్ద తెల్లని పక్షి పేరు.

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పుకుంటారు. కొత్త మొక్కజొన్న పండగకు తల్లి ఆయనకు తెల్లవాళ్ల బట్టలు తొడిగి పంపితే తోటి పిల్లలు ఎగతాళి చేశారట. మర్నాడు పట్టుబట్టి చెరోకీ బట్టలు వేసుకుని వెళ్లారట. తండ్రి మాత్రం ఇంగ్లిష్ చదువు తప్పదనుకున్నారు. ఇంటికే పంతుళ్లను పిలిపించారు, తర్వాత టెనెస్సీలోని కింగ్‌స్టన్‌లో చదివించారు. దాంతో ఇంగ్లిష్ చక్కగా వచ్చింది, చెరోకీ మాత్రం అంతంత మాత్రంగానే మిగిలింది. జీవితమంతా పెద్ద సభల్లో ఆయన ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవారు, పక్కన ఒకరు నిలబడి చెరోకీలోకి మార్చి చెప్పేవారు. అయినా చెరోకీ తప్ప మరో మాట రాని కొండపల్లెల జనమే చివరిదాకా ఆయన వెంట గట్టిగా నిలబడ్డారు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

వర్తకుడి నుంచి నాయకుడిగా

చెరోకీల నేల అప్పటికి ఇప్పటి జార్జియా, టెనెస్సీ, అలబామా, ఉత్తర కరోలినా రాష్ట్రాలు కలిసే కొండ ప్రాంతంలో ఉండేది. యువకుడిగా రాస్ వర్తకంలోకి దిగారు. టెనెస్సీ నది ఒడ్డున ఆయన పెట్టిన పడవల రేవుకూ, కొట్టుకూ రాస్ లాండింగ్ అని పేరు వచ్చింది. ఇప్పటి చట్టనూగా నగరం ఆ రేవు చుట్టూ పెరిగిందే.

1813-14లో అమెరికా సైన్యం క్రీక్ జాతిలోని ఒక వర్గంతో యుద్ధం చేసింది. చెరోకీలు అమెరికా పక్షాన నిలిచారు, రాస్ చెరోకీ దళంలో అధికారిగా పనిచేశారు. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ దగ్గర జరిగిన పోరులో చెరోకీలు నది ఈది అవతలి ఒడ్డున ఉన్న శత్రువుల పడవలు లాక్కువచ్చారు. ఆ గెలుపుతో సేనాపతి ఆండ్రూ జాక్సన్ పేరు దేశమంతా మారుమోగింది. ఆ జాక్సనే తర్వాత అధ్యక్షుడై, తనను గెలిపించిన ఆ చెరోకీలనే నేల విడిచి పొమ్మన్నారు.

1816లో చెరోకీల ప్రతినిధి బృందంతో రాస్ వాషింగ్టన్ వెళ్లారు. ఆ తర్వాత 50 ఏళ్లు ఆయన రాజకీయ జీవితం వాషింగ్టన్‌కు వెళ్లడం, రావడం, అర్జీలు రాయడంతోనే గడిచింది. కొద్ది ఏళ్లలోనే జాతీయ సంఘం అనే శాసనసభకు అధ్యక్షుడయ్యారు.

1819 నాటికి చెరోకీలు ఒప్పందం మీద ఒప్పందం చేసి చాలా నేల వదులుకున్నారు. ఆ తర్వాత, ఇక అడుగు నేల కూడా ఇచ్చేది లేదని సభ తీర్మానించుకుంది. 1823లో ఆ మాటకు పరీక్ష వచ్చింది. అమెరికా కమిషనర్ల తరఫున క్రీక్ నాయకుడు విలియం మెకింటోష్ రహస్యంగా రాస్‌కు ఒక ఉత్తరం పంపారు. నేల అమ్మకానికి సాయపడితే 2,000 డాలర్లు ఇప్పిస్తానన్నారు. రాస్ ఆ ఉత్తరాన్ని దాచలేదు, చించలేదు. నిండు సభలో, మెకింటోష్ ఎదుటే చదివించారు. మెకింటోష్ గుర్రమెక్కి పారిపోవలసి వచ్చింది. కొండపల్లెల జనం రాస్‌ను నమ్మడం ఆ రోజుల్లో మొదలైంది. ఆయన మాట తర్జుమా అయి చెవిన పడినా, లంచానికి లొంగని మనిషన్నది తర్జుమా అక్కర్లేకుండానే అర్థమైంది.

అక్షరం, పత్రిక, రాజ్యాంగం

ఆ దశాబ్దంలో చెరోకీలు చేసిన పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇంగ్లిష్ చదవడం రాని సెక్వోయా అనే చెరోకీ కంసాలి ఏళ్ల తరబడి కూర్చుని తన భాషకు లిపి తయారుచేశారు. 1821 నాటికి అది పూర్తయింది. మన గుణింతంలో లాగే ఒక్కో గుర్తు ఒక్కో అక్షరం పలుకుతుంది. మొత్తం 80 పైచిలుకు గుర్తులు. కొన్నేళ్లలోనే ఇంటింటా చదవడం రాయడం వచ్చింది. 1825లో న్యూ ఎచోటాను రాజధానిగా నిర్ణయించుకున్నారు. 1828 ఫిబ్రవరి 21న అక్కడి నుంచి చెరోకీ, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదలైంది. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్ అనే చదువుకున్న చెరోకీ యువకుడు.

1827 జూలైలో రాజ్యాంగ సభ జరిగింది, దానికి రాస్ అధ్యక్షత వహించారు. శాసనసభ, న్యాయస్థానం, ప్రధాన నాయకుడు అని మూడు అంగాలతో రాజ్యాంగం రాసుకున్నారు. నేల జాతి మొత్తానిది, ఏ ఒక్కరూ అమ్మడానికి వీల్లేదని అందులో స్పష్టంగా పెట్టారు. 1828 అక్టోబర్‌లో రాస్ ప్రధాన నాయకుడిగా ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయసు 38.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ఆ రాజ్యాంగం ఓటు హక్కును మగవాళ్లకే ఇచ్చింది. తల్లి గోత్రమే ఆధారమైన జాతిలో ఆడవాళ్ల మాటకు చట్టంలో చోటు పోయింది. ఆఫ్రికా సంతతి వారికి ఏ హక్కూ ఇవ్వలేదు. 1835 జనగణనలో తూర్పు చెరోకీలు 16,542 మంది అయితే, వాళ్ల దగ్గర బానిసలుగా ఉన్న నల్లజాతి వారు 1,592 మంది. రాస్ కూడా బానిసల యజమానే. జీవితంలో చాలా భాగం అలాగే ఉన్నారు.

జార్జియా ఒత్తిడి

చెరోకీలు రాజ్యాంగం రాసుకోవడం జార్జియాకు కంటగింపు అయింది. తన సరిహద్దుల్లో ఇంకో ప్రభుత్వం ఏమిటన్నది దాని వాదన. అదే సమయంలో డాలోనెగా దగ్గర బంగారం బయటపడింది. వేలమంది తెల్లవాళ్లు గునపాలు పట్టుకుని చెరోకీల నేల మీదికి దిగారు. 1830 జూన్ 1 నుంచి చెరోకీల చట్టాలు చెల్లవని, తన చట్టాలే చెల్లుతాయని జార్జియా ప్రకటించింది. తెల్లవాడి మీద కోర్టులో చెరోకీ సాక్ష్యం చెల్లదు. అంటే ఇల్లు దోచుకుపోయినా చెప్పుకునే దిక్కు లేదు. 1830 మే 28న జాక్సన్ సంతకంతో ఆదివాసుల తరలింపు చట్టం కూడా వచ్చింది.

మరొకరైతే ఆయుధం పట్టేవారేమో. రాస్ వకీలును పెట్టుకున్నారు. మాజీ అటార్నీ జనరల్ విలియం వర్ట్ చెరోకీల తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1831లో మొదటి కేసులో కోర్టు చెరోకీలను విదేశంగా గుర్తించలేమంది. 1832 మార్చిలో రెండో కేసులో మాత్రం చెరోకీలు గెలిచారు. జార్జియా అనుమతి తీసుకోకుండా చెరోకీల మధ్య ఉన్నందుకు జైల్లో పడిన శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీ పేరుమీద ఆ కేసు నడిచింది. చెరోకీల నేల మీద జార్జియా చట్టానికి బలం లేదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పారు. జాతి అంతా పండగ చేసుకుంది. కానీ జార్జియా తీర్పును లెక్కచేయలేదు, జాక్సన్ దాన్ని అమలు చేయించలేదు. చెరోకీల ఇళ్లనూ పొలాలనూ జార్జియా లాటరీ తీసి తెల్లవాళ్లకు పంచింది.

1835 వసంతంలో రాస్ వాషింగ్టన్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఇంట్లో వేరే కుటుంబం ఉంది. కూసా నది మొదట్లో ఉన్న ఆ పెద్ద ఇల్లు, తోట, రేవు అన్నీ లాటరీ తగిలినవాడి పాలయ్యాయి. భార్య క్వాటీ, పిల్లలు బయటపడ్డారు. వాళ్లను తీసుకుని సరిహద్దు దాటి టెనెస్సీలో ఒక చిన్న దుంగల ఇంట్లో కాపురం పెట్టారు. జాతి మొత్తానికి నాయకుడైన మనిషి సొంత ఇల్లే కాపాడుకోలేకపోయారు.

ఇంటి లోపల చీలిక

తీర్పు గెలిచినా ఫలితం దక్కకపోవడంతో కొందరు చెరోకీలకు ఆశ చచ్చిపోయింది. వాళ్లలో ముఖ్యులు మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్ రిడ్జ్, పత్రిక సంపాదకుడు బౌడినాట్. మేజర్ రిడ్జ్ నిన్నటిదాకా రాస్‌కు పొరుగువాడు, ఆప్తుడు. వీళ్లను ద్రోహులని ఒక్క మాటతో తోసేయడం మాకు ఇష్టం లేదు. ఎటూ ఉండనివ్వరు, ఇప్పుడే మంచి ధర తీసుకుని పడమటికి పోతే జాతైనా బతుకుతుందన్నది వాళ్ల వాదన.

ఈ వాదన జనంలోకి వెళ్లడానికి రాస్ ఒప్పుకోలేదు. అందరూ ఒకే మాట మీద ఉండాల్సిన వేళ పత్రికలో భిన్నాభిప్రాయాలు వద్దన్నారు. 1832 ఆగస్టులో బౌడినాట్ సంపాదకత్వం వదిలేశారు. ఆ ఏడాది జరగాల్సిన ఎన్నికలను కూడా జార్జియా నిషేధాల కారణంగా ఆపేశారు, రాస్ పదవిలో కొనసాగారు. ఆపదలో ఐకమత్యం కావాలన్న మాట నిజమే. అయితే ఎదుటివాడి మాట వినిపించే చోటు మూసేస్తే ఆ మాట చావదు, చాటుకు పోతుంది. చెరోకీల విషయంలో అదే జరిగింది.

రాస్ కూడా బేరం చేయకుండా లేరు. 1835లో ప్రభుత్వం మరీ ఒత్తిడి తెచ్చినప్పుడు 2 కోట్ల డాలర్లు అడిగారు. సెనేట్ 50 లక్షలకు మించదంది. ఆయన కాదన్నారు. కాలం సాగదీస్తే జాక్సన్ పోయి మరో అధ్యక్షుడు వస్తారని ఆయన ఆశ. ఆ నవంబర్‌లో జార్జియా సైనికులు టెనెస్సీలోకి చొరబడి రాస్‌నూ, ఆయన ఇంట్లో అతిథిగా ఉన్న కవి జాన్ హోవర్డ్ పేన్‌నూ పట్టుకుపోయి కొన్నాళ్లు బంధించారు. ఇల్లే స్వర్గమని చెప్పే ప్రసిద్ధ ఇంగ్లిష్ పాట రాసింది ఈ పేనే. ఇల్లు పోయిన మనిషి పక్కన ఆయన ఖైదీగా కూర్చున్నారు.

రాస్ వాషింగ్టన్‌లో ఉండగా 1835 డిసెంబర్ 29న న్యూ ఎచోటాలో ఒప్పందం జరిగిపోయింది. రానివాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క అని ప్రభుత్వ ప్రతినిధి ముందే ప్రకటించారు. 16 వేల మంది జాతిలో వచ్చింది కొన్ని వందల మంది, సంతకం పెట్టింది సుమారు 20 మంది. 50 లక్షల డాలర్లకు తూర్పున ఉన్న నేలంతా పోయింది. ఇక్కడ విచిత్రం ఒకటుంది. అనుమతి లేకుండా నేల అమ్మినవాడికి మరణశిక్ష అన్నది చెరోకీల చట్టం. 1807లో అలాంటి ఆరోపణ మీద డబుల్‌హెడ్ అనే నాయకుణ్ణి చంపినవారిలో మేజర్ రిడ్జ్ ఒకరు. తన సంతకానికి ఏం జరుగుతుందో ఆయనకు బాగా తెలుసు.

రాస్ ఊరూరా తిరిగి ఆ ఒప్పందం మాది కాదని సంతకాలు సేకరించారు. 15 వేలకు పైగా పేర్లతో అర్జీ వాషింగ్టన్ చేరింది. చాలా పేర్లు సెక్వోయా లిపిలోనే ఉన్నాయి. అయినా అంతకుముందే, 1836 మేలో, సెనేట్ 31-15 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. ఒక్క ఓటు తగ్గినా అది వీగిపోయేది. జాతి అంతా కలిసి పెట్టిన వేల సంతకాలు ఒక పక్క, 20 సంతకాలు ఒక పక్క. నెగ్గింది 20.

కన్నీటి బాట

గడువు 1838 మే 23తో తీరింది. జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సుమారు 7,000 మంది సైనికులతో వచ్చారు. అన్నం తింటున్నవాళ్లనూ, పొలంలో ఉన్నవాళ్లనూ ఉన్నపళంగా తుపాకీ మొనల మధ్య శిబిరాలకు తోలారు. వెనకాలే దోపిడీవాళ్లు ఇళ్లలో దూరారు. ఎండాకాలంలో మొదట పంపిన జట్లలో రోగాలతో చాలామంది చనిపోయారు. శిబిరాల్లో విరేచనాలు, జ్వరాలు.

అప్పుడు రాస్ ఒక కష్టమైన నిర్ణయం తీసుకున్నారు. పోక తప్పనప్పుడు మా జనాన్ని మేమే తీసుకుపోతామని స్కాట్‌ను అడిగి ఒప్పించారు. తిండి, బండ్లు, దుప్పట్ల ఏర్పాటు చెరోకీల చేతికి వచ్చింది. ఆ కాంట్రాక్టు ఆయన తమ్ముడు లూయిస్ రాస్‌కు దక్కడం మీద విమర్శలు కూడా వచ్చాయి. బయలుదేరే ముందు 1838 ఆగస్టు 1న శిబిరంలోనే సభ జరిపి ఒక తీర్మానం చేశారు. బలవంతంతో కదులుతున్నాం తప్ప నేల మీద హక్కు వదులుకోలేదు, మన రాజ్యాంగం, చట్టాలు మనతోపాటే వస్తాయి అన్నది దాని సారం. మూటాముల్లెతో పాటు ఒక ప్రభుత్వాన్ని కూడా నెత్తిన పెట్టుకుని నడిచిన జనం వాళ్లు.

ఒక్కో జట్టులో సుమారు వెయ్యి మంది చొప్పున ఆ శరదృతువులో కదిలారు. టెనెస్సీ, కెంటకీ, ఇల్లినాయ్, మిస్సోరి మీదుగా 1,300 కిలోమీటర్ల పైచిలుకు దారి. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు కట్టి దాటలేక కొన్ని జట్లు గడ్డకట్టే చలిలో వారాల తరబడి ఒడ్డునే పడి ఉన్నాయి. శిబిరాల్లోనూ దారిలోనూ కలిపి సుమారు 4,000 మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. చెరోకీల వెంట వాళ్ల బానిసలు కూడా అదే చలిలో, యజమానుల సామాను మోస్తూ నడిచారు. ఆ దారికే కన్నీటి బాట అని పేరు. రాస్ కుటుంబం కొందరు రోగులతో కలిసి పడవ మీద వెళ్లింది. 1839 ఫిబ్రవరి 1న అర్కాన్సాలోని లిటిల్ రాక్ దగ్గర క్వాటీ కన్నుమూశారు. ఆమెను అక్కడే పూడ్చి మిగిలినవాళ్లు ముందుకు సాగారు.

నెత్తురు, కొత్త ఊరు

ఇప్పటి ఓక్లహోమాలో ఉన్న కొత్త నేలకు చేరిన కొద్ది నెలలకే, 1839 జూన్ 22న, ఒకే రోజు మూడు చోట్ల మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, బౌడినాట్ హతమయ్యారు. రాస్ ఆదేశించారన్నదానికి ఆధారం లేదు, తనకు తెలియదనే ఆయన చెప్పారు. కానీ చంపినవాళ్లు ఆయన వైపువారే, వాళ్లకు జాతి సభ క్షమాభిక్ష పెట్టింది. ఆ పగ ఏడేళ్లు ఇరువైపులా ఇళ్లను కాల్చింది. బౌడినాట్ తమ్ముడు స్టాండ్ వేటీ ఆ రోజు తప్పించుకున్నారు. జీవితాంతం రాస్‌కు శత్రువుగా నిలిచారు.

అంత నెత్తురు మధ్యనే కట్టడం కూడా జరిగింది. అంతకుముందే పడమటికి వచ్చి స్థిరపడిన చెరోకీలకూ, కొత్తగా వచ్చినవాళ్లకూ మధ్య 1839 జూలైలో ఐక్యతా ఒప్పందం కుదిరింది. పాతవారి వైపు నుంచి దానికి సాయపడింది సెక్వోయాయే. సెప్టెంబర్‌లో టాలక్వాలో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఈసారి ప్రధాన నాయకుణ్ణి జనమే నేరుగా ఎన్నుకునేలా పెట్టారు. బతికున్నంతకాలం జనం రాస్‌నే ఎన్నుకున్నారు. 1841లో ప్రభుత్వ బడుల వ్యవస్థ మొదలైంది. 1844లో చెరోకీ అడ్వొకేట్ అనే రెండు భాషల పత్రిక వచ్చింది. 1851 మేలో అబ్బాయిలకొకటి, అమ్మాయిలకొకటి రెండు పెద్ద విద్యాలయాలు తెరిచారు. తరిమేసిన పన్నెండేళ్లకే ఆడపిల్లల కోసం పెద్ద చదువుల బడి కట్టుకున్నారు.

1844లో రాస్ మేరీ స్టాప్లర్ అనే క్వేకర్ యువతిని పెళ్లాడారు. 1846 ఆగస్టులో కొత్త ఒప్పందంతో మూడు వర్గాలూ రాజీపడ్డాయి, వాషింగ్టన్‌లో రాస్, వేటీ చేతులు కలిపారు. పార్క్ హిల్‌లోని రాస్ ఇల్లు రోజ్ కాటేజ్ అతిథులతో కళకళలాడింది. ఆ కళ వెనక పొలాల్లో చెమటోడ్చింది పదుల సంఖ్యలో ఉన్న బానిసలు.

మళ్లీ చీలిక

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఇది తెల్లవాళ్ల తగాదా, మనకెందుకని రాస్ మే నెలలో తటస్థత ప్రకటించారు. కానీ ఉత్తరాది సైన్యం కోటలు వదిలి వెళ్లిపోయింది, పక్కనే ఉన్న అర్కాన్సా దక్షిణాది వైపు చేరింది. వేటీ తన సొంత దళంతో దక్షిణాదికి దిగారు. జాతి మళ్లీ రెండుగా చీలుతుందన్న భయంతో 1861 అక్టోబర్‌లో రాస్ దక్షిణాది సమాఖ్యతో ఒప్పందం మీద సంతకం పెట్టారు. 1835లో పెట్టని సంతకం ఆయనకు పేరు తెస్తే, 1861లో పెట్టిన ఈ సంతకం చివరిదాకా వెంటాడింది. 1862 వేసవిలో ఉత్తరాది సేనలు వచ్చి ఆయన్ను తీసుకుపోయాయి. ఆయన వాషింగ్టన్‌లో లింకన్‌ను కలిసి, రక్షణ లేక లొంగామే తప్ప ఇష్టపడి కాదని మొరపెట్టుకున్నారు. 1863 ఫిబ్రవరిలో ఆయన వైపు చెరోకీ సభ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది, బానిసత్వాన్ని కూడా రద్దు చేసింది. ఎంతో ముందు జరగాల్సిన పని ఆలస్యంగానైనా జరిగింది.

ఆ యుద్ధంలో రాస్ ఇంట్లో ఏమీ మిగల్లేదు. 1863లో వేటీ మనుషులు రోజ్ కాటేజ్‌ను తగలబెట్టారు. కొడుకు జేమ్స్ దక్షిణాది చెరలో చనిపోయారు. 1865 జూలైలో మేరీ కన్నుమూశారు. సెప్టెంబర్‌లో ఫోర్ట్ స్మిత్ సమావేశంలో అమెరికా కమిషనర్లు రాస్‌ను నాయకుడిగా గుర్తించమన్నారు.

75 ఏళ్ల వయసులో ఆరోగ్యం చెడినా ఆయన మళ్లీ వాషింగ్టన్ వెళ్లారు. వేటీ వర్గం జాతిని రెండుగా విడగొట్టమని అడుగుతోంది. రాస్ మంచం మీది నుంచే ప్రతినిధులను నడిపించారు. 1866 జూలై 19న కుదిరిన ఒప్పందంలో చెరోకీ జాతి ఒకటిగానే మిగిలింది, విముక్తులైన బానిసలకు జాతి పౌరులతో సమాన హక్కులు రాశారు. అనారోగ్యంతో రాలేకపోయిన ప్రధాన నాయకుడిగా రాస్ పేరు ఆ పత్రం మొదట్లోనే ఉంది. కాదన్న పదవిని ప్రభుత్వమే తిరిగి ఒప్పుకుంది. 1866 ఆగస్టు 1న ఆయన వాషింగ్టన్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన దేహాన్ని పార్క్ హిల్‌కు తీసుకువచ్చి తన జనం మధ్య సమాధి చేశారు.

మిగిలింది

నేల కాపాడటమే నాయకుడి పని అనుకుంటే జాన్ రాస్ ఓడిపోయారు. కానీ ఆయన పట్టుకున్న సూత్రం ఒక్కటే. అందరిదీ అయినదాన్ని కొందరు సంతకం పెట్టి ఇచ్చేయడానికి వీల్లేదు. ఆ సూత్రాన్ని నిలబెట్టడానికి సభ, పత్రిక, బడి, రాజ్యాంగం కావాలని ఆయనకు తెలుసు. అందుకే నేల పోయినా జాతి చెదరలేదు. 1907లో ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడి ఆ ప్రభుత్వం దాదాపుగా అణగిపోయినా, 1970లలో చెరోకీలు తమ నాయకుణ్ణి తామే ఎన్నుకునే హక్కు తిరిగి సాధించారు. టాలక్వా ఇప్పటికీ వాళ్ల రాజధాని. పౌరులు ఇప్పుడు 4 లక్షల 50 వేలకు పైనే.

ఆయన చూడలేకపోయినవీ మిగిలాయి. ఆ అందరిలో నల్లజాతి వారు లేరు. 1866లో రాసిన వారి హక్కుల కోసం వాళ్ల వారసులు మన కాలం దాకా కోర్టుల్లో పోరాడాల్సి వచ్చింది. బౌడినాట్ నోరు నొక్కిన ఫలితం 30 ఏళ్ల పగ. భాష సంగతి అంతకన్నా బాధాకరం. అన్ని లక్షల మందిలో చెరోకీ ధారాళంగా మాట్లాడేవారు ఇప్పుడు కొద్ది వేలే. వాళ్లు పిల్లల కోసం చెరోకీ మాధ్యమం బడులు నడుపుకుంటున్నారు, సెక్వోయా లిపిని మళ్లీ నేర్పుకుంటున్నారు.

మన సంఘాల్లో అప్పుడప్పుడు ఒక మాట వింటుంటాం. ఫలానా వాడికి తెలుగు సరిగా రాదు, వాడు మన మనిషి ఎలా అవుతాడని. రాస్ కథ విన్నాక ఆ మాట అనడానికి మేము రెండుసార్లు ఆలోచిస్తాం. ఆయనకు భాష అరకొరగానే వచ్చు. కానీ ఆ భాషలో పత్రిక నడవాలనీ, బడి ఉండాలనీ కష్టపడినవారిలో ఆయన ముందున్నారు. భాష రానివాణ్ణి బయటికి నెట్టడం కన్నా, అతని పిల్లలకు అక్షరాలు నేర్పే చోటు ఒకటి కట్టడం మన చేతిలో ఉన్న పని.